పెంపుడు పక్షికి ముక్కు పెరిగితే



మేకకు గిట్ట పెరిగితే కుంటుతుంది. అప్పుడు పదునైన కత్తితో గిట్ట చెక్కుతారు. పిల్లలకు గోళ్లు పెరిగితే కత్తిరిస్తారు. ఇవి మీకు తెలిసిన పనులే. మరి పంజరంలో ఉన్న పక్షికి ముక్కు పెరిగితే ఏం చెయ్యాలి?

"ఏముంది? అదీ గోరు లాంటిదే గదా. కొంచెం కత్తిరిస్తే సరి" అంటారు చాలామంది. ఆ మాట సగం నిజం. మిగతా సగం తెలియక కత్తిరిస్తే పక్షి ప్రాణం పోతుంది.

ఒక ఇల్లాలు ఉంది అనుకోండి. కూరగాయలు అమ్ముకుని బతుకుతుంది. కూతురు అడిగిందని సంతలో రెండు చిన్న పక్షులు కొన్నది. ఒకటి పచ్చది, ఒకటి నీలం. సంతలో వాటిని లవ్ బర్డ్స్ అని అమ్ముతారు. మూడేళ్లు బాగానే ఉన్నాయి. తరవాత నీలం పక్షికి పై ముక్కు పొడుగు పెరిగింది. వంగి గొంతుకు తగులుతోంది. పక్షి గింజ నోట పెట్టుకుంటుంది, జారవిడుస్తుంది. మళ్లీ పెట్టుకుంటుంది, మళ్లీ జారవిడుస్తుంది. గిన్నె చూస్తే నిండుగానే ఉంది. "తింటూనే ఉందిలే" అనుకున్నారు ఇంట్లో వాళ్లు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ పక్షులు గింజను ముక్కుతో ఒలిచి, పప్పు తిని, పొట్టు వదిలేస్తాయి. వదిలిన పొట్టు గిన్నెలోనే పడుతుంది. చూసేవాళ్లకు గిన్నె నిండుగా కనపడుతుంది. లోపల గింజ ఉండదు. మీరు చేటలో చెరిగేటప్పుడు పొట్టు ఎగిరిపోతుంది గదా. అట్లాగే రోజూ గిన్నెను ఒకసారి ఊది చూడాలి. పొట్టు ఎగిరి పోగా గింజ ఎంత మిగిలిందో తెలుస్తుంది. ముక్కు పెరిగిన పక్షి గిన్నెలో ఇందుకు తలకిందులు. అసలు పొట్టే ఉండదు. గింజలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. అంటే పక్షి పస్తు ఉందన్నమాట.

చిన్న పక్షి పస్తు ఓర్చుకోలేదు. మనిషి రెండు రోజులు తినకపోయినా లేచి తిరుగుతాడు. నిమ్మకాయంత బరువున్న పక్షి ఒక్క రోజు తినకపోయినా ప్రమాదంలో పడుతుంది. పైగా పక్షులు జబ్బును దాచుకుంటాయి. అడవిలో నీరసంగా కనపడిన పక్షిని డేగ ముందు పట్టుకుంటుంది. అందుకని చివరిదాకా హుషారుగానే ఉన్నట్టు కనపడతాయి. ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చున్నదంటే అప్పటికే జబ్బు ముదిరిందని అర్థం.

సరే, ఆ ఇంట్లో ఏం జరిగింది? పక్కింటి కుర్రాడు గోళ్లు కత్తిరించే కట్టరు తెచ్చాడు. "ఒక్క నిమిషం పని పిన్నీ" అన్నాడు. ఇంట్లో ముసలమ్మ ఒప్పుకోలేదు. "ఎద్దుకు కొమ్ము విరిగితే రక్తం కారడం చూశావా? కొమ్ము పైకి ఎండుకట్టెలా ఉంటుంది. లోపల ప్రాణం ఉంటుంది. ఇదీ అంతే అయితేనో?" అన్నది. ముసలమ్మకు చదువు రాదు. కానీ ఆమె అన్నమాట అక్షరాలా నిజం.

పక్షి ముక్కు ఎట్లా ఉంటుందో తెలుసుకోండి. లోపల ఎముక ఉంటుంది. ఎముక మీద రక్తనాళాలు, నరాలు ఉంటాయి. వాటిపైన గట్టి తొడుగు ఉంటుంది. గోరు, వెంట్రుక, పశువు కొమ్ము, గిట్ట ఏ పదార్థంతో తయారవుతాయో ఈ తొడుగు కూడా ఆ పదార్థంతోనే తయారవుతుంది. దాని పేరు కెరాటిన్. తొడుగుకు నొప్పి తెలియదు. కానీ లోపలి రక్తనాళం ఎంతవరకు వచ్చిందో బయటికి కనపడదు. ముక్కు పెరిగిన పక్షుల్లో ఆ నాళం కూడా ముందుకు సాగి ఉండవచ్చు. కట్టరు పెట్టి నొక్కితే ముక్కు నిలువునా చీలవచ్చు. నాళం తెగవచ్చు.

రక్తం కారితే ఎంత కారుతుందిలే అనుకోకండి. సంతలో అమ్మే చిన్న పక్షి బరువు 30 నుంచి 40 గ్రాములు. దాని ఒంట్లో మొత్తం రక్తం 3 లేక 4 మిల్లీలీటర్లు. చిన్న చెంచాడు కూడా నిండదు. ఆరేడు చుక్కలు పోతే ఓర్చుకుంటుంది. ఇరవై చుక్కలు పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొక ప్రమాదం పట్టుకోవడంలో ఉంది. మనిషికి ఛాతీకీ పొట్టకూ మధ్య ఒక పొర ఉంటుంది. ఊపిరి తీసుకోవడానికి అది సాయం చేస్తుంది. పక్షికి అటువంటి పొర లేదు. రొమ్ము ఎముక ముందుకు వెనక్కు కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. "గట్టిగా పట్టుకో, కదలకూడదు" అని రొమ్ము నొక్కి పట్టుకుంటే ఊపిరాడక చేతిలోనే పోతుంది. కత్తిరించకుండానే, పట్టుకోవడంతోనే చచ్చిన పక్షులు ఉన్నాయి.

కోళ్ల ఫారాల్లో పనిచేసే అక్కలు ఇక్కడ ఒక మాట అడుగుతారు. "ఫారంలో వేల పిల్లలకు ముక్కులు కోస్తారు గదా, అవి బతకడం లేదా?" న్యాయమైన ప్రశ్న. అక్కడ కోసేది పెరిగిన ముక్కును కాదు. కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకోకుండా చిన్నప్పుడే కొన కోస్తారు. ఎర్రగా కాలిన బ్లేడుతో కోస్తారు కాబట్టి నాళం కాలి మూసుకుపోతుంది. పని నేర్చినవాళ్లు చేస్తారు. అయినా కోడిపిల్లకు నొప్పి తప్పదు. ఆ పని చూసి ఇంట్లో చిలకకు చెయ్యబోవడం తెలివి కాదు. చిలక ముక్కుతో తింటుంది, ముక్కుతో పట్టుకుని పైకి ఎక్కుతుంది, ముక్కుతోనే ఈకలు దువ్వుకుంటుంది. ముక్కు దానికి మూడో కాలు.

అసలు ముక్కు ఎందుకు పెరుగుతుంది? పెరగడం జబ్బు కాదు. అన్ని చిలకలకూ ముక్కు జీవితమంతా పెరుగుతూనే ఉంటుంది. ఏడాదికి ఒకటి నుంచి మూడు అంగుళాల దాకా పెరుగుతుంది. అంత పెరిగినా పొడుగు కనపడదు. ఎందుకంటే గింజలు ఒలవడం, కొమ్మలు కొరకడం, పైముక్కును కింది ముక్కుతో రాసుకోవడం వల్ల అరుగుతూ ఉంటుంది. కత్తి నూరినట్టు తన ముక్కును తానే నూరుకుంటుంది. సాయంత్రం పూట చిలక నోట్లో కరకరమని చప్పుడు వస్తే అదే పని. పెరట్లో కోడి నేలను పొడిచి, పొడిచి ముక్కు అరగదీసుకుంటుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పక్షికి ఎప్పుడూ ముక్కు కత్తిరించనక్కర లేదు. ఈ మాట బాగా గుర్తుంచుకోవాలి.

చిలక ముక్కు కొక్కెంలా వంగి ఉండటం సహజమే. పై కొన కింది ముక్కును దాటి కొంచెం కిందికి రావడమూ సహజమే. పై పొర కొంచెం పొలుసుగా లేచినా భయపడనక్కర లేదు. భయపడాల్సిన గుర్తులు వేరు. కొన గొంతుకు తగలడం, ముక్కు పక్కకు వంగిపోవడం, పై ముక్కు కింది ముక్కు కత్తెరలాగా అటూ ఇటూ పోవడం, ముక్కు మీద నల్లని మరకలు రావడం, ముక్కు మెత్తబడటం, గింజ జారిపోవడం. వీటిలో ఏది కనపడినా వెనకాల ఒక కారణం ఉందని అనుకోవాలి.

ఎక్కువగా కనపడే కారణం కాలేయం జబ్బు. పొద్దుతిరుగుడు గింజలు చిలకలకు చాలా ఇష్టం. పిల్లలకు మిఠాయి ఎట్లాగో వాటికి అవి అట్లా. ఆ గింజల్లో నూనె ఎక్కువ. పంజరంలో ఎగరడానికి చోటు ఉండదు. తిన్న కొవ్వు అరగదు. పోయి కాలేయంలో చేరుతుంది. కాలేయం చెడితే ముక్కు, గోళ్లు తొందరగా, వంకరగా పెరుగుతాయి. అటువంటి పక్షికి ముక్కు ఎన్నిసార్లు అరగదీసినా మళ్లీ పెరుగుతుంది. జబ్బు లోపల ఉంటే పైన చెక్కి ఏం లాభం?

రెండో కారణం గజ్జి. కంటికి కనపడనంత చిన్న పురుగులు ముక్కు మీద, కళ్ల చుట్టూ, కాళ్ల మీద చర్మంలో దూరి గూళ్లు కడతాయి. సున్నం చల్లినట్టు తెల్లని పెచ్చు కడుతుంది. దగ్గరగా చూస్తే పెచ్చులో తేనెపట్టు మాదిరి సన్నని తూట్లు కనపడతాయి. సంతలో దొరికే చిన్న పక్షుల్లో ఇది మామూలే. ఒకదాని నుంచి ఇంకొకదానికి అంటుకుంటుంది. దీనికి మంచి మందు ఉంది. డాక్టరు మెడ వెనక చర్మం మీద ఒకటి రెండు చుక్కలు వేస్తారు. రెండు వారాలు ఆగి మళ్లీ వేస్తారు. పంజరంలో ఉన్న పక్షులన్నిటికీ వెయ్యాలి. మేకలకు వాడే మందు ఇంట్లో ఉంది గదా అని అదే పోయవద్దు. పేరు ఒకటే కావచ్చు. మేకకు సరిపోయే మోతాదు ఈ పక్షిని చంపుతుంది. కొందరు కిరసనాయిలు రాస్తారు, కొందరు బండి ఆయిలు రాస్తారు. అది ముక్కు రంధ్రాల్లోకి పోయి ఊపిరితిత్తులు చెడతాయి. ఈకలకు అంటితే పక్షి నోటితో దువ్వుకుని మింగుతుంది. ఆ పని అసలు చెయ్యకూడదు.

దెబ్బ తగిలినా ముక్కు వంకర పెరుగుతుంది. ఈకలు కూడా రాలి, ముక్కు పెళుసుగా విరిగే వైరసు జబ్బు ఒకటి ఉంది. అది అంటు జబ్బు. కొత్త పక్షిని కొన్నప్పుడు కొన్నాళ్లు వేరే పంజరంలో, వేరే గదిలో పెట్టడం ఇందుకే.

ఇప్పుడు చట్టం మాట. మన చెట్ల మీద తిరిగే పచ్చని రామచిలకను పంజరంలో పెట్టడం నేరం. 1972లో వచ్చిన వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టకూడదు, అమ్మకూడదు, కొనకూడదు, పెంచకూడదు. జాతరలో ఎవరైనా అమ్ముతున్నా కొనవద్దు. పూర్వజన్మలో చిలకను పన్నెండేళ్లు పంజరంలో పెట్టినందుకు రామదాసు పన్నెండేళ్లు గోలకొండ చెరలో ఉన్నాడని పెద్దలు కథ చెబుతారు. ఆ కథ చెప్పుకుంటూనే పంజరంలో చిలకను పెట్టినవాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి. మీ ఇంట్లో ఎప్పటి నుంచో రామచిలక ఉంటే అటవీ శాఖ వాళ్లకు తెలపండి. భయపడి ఉన్నట్టుండి వదిలెయ్యవద్దు. ఏళ్ల తరబడి పంజరంలో ఉన్నది ఎగరలేదు, తిండి వెతుక్కోలేదు. కాకులు పొడిచి చంపుతాయి.

సంతలో లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న పక్షి వేరు. దాని అసలు పేరు బడ్జరిగర్. అది ఆస్ట్రేలియా దేశపు పక్షి. 1840లో జాన్ గూల్డ్ అనే ఆయన ఇంగ్లండుకు తీసుకుపోయాడు. తరవాత అన్ని దేశాలకూ పాకింది. దాన్ని పెంచడం నేరం కాదు.

ఇంటి దగ్గర మీరు చెయ్యగలిగింది చాలా ఉంది. ముక్కు దానంతట అదే అరిగేటట్టు చూడటమే మీ పని. పంజరంలో నున్నని ప్లాస్టిక్ కర్ర తీసెయ్యండి. జామ కొమ్మ, వేప కొమ్మ బెరడుతో సహా కడిగి పెట్టండి. ఒకటి లావు, ఒకటి సన్నం ఉండాలి. బెరడు ఒలుస్తూ పక్షి పొద్దంతా పని చేసుకుంటుంది. పురుగుమందు కొట్టిన చెట్టు కొమ్మ వద్దు. గన్నేరు, జిల్లేడు విషం, వాటి జోలికి పోవద్దు. గరుకు కాగితం చుట్టిన కర్రలు కొట్లో అమ్ముతారు. వాటివల్ల ముక్కు అరగదు, కాళ్లు పుండ్లు పడతాయి. మూలికల కొట్లో సముద్రపు నురుగు అడగండి. అది నురుగు కాదు, ఒక సముద్ర జీవి ఒంట్లోని తెల్లని పెంకు. చవకగా దొరుకుతుంది. పంజరం కమ్మీకి తీగతో కట్టండి. పక్షి దాన్ని గీకి తింటుంది. ఒంటికి సున్నం అందుతుంది.

తిండి మార్చాలి. కొర్రలు, సామలు మంచివి. పొద్దుతిరుగుడు గింజలు వారానికి ఒకటి రెండు, అదీ చేతితో ఇవ్వాలి. మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము, మొలకెత్తిన పెసలు, జామపండు ముక్క పెట్టండి. మొదట ముట్టుకోదు. కొత్త కోడలు కొత్త ఇంట్లో బెదిరినట్టు ఆకును చూసి బెదురుతుంది. ఓపికగా రోజూ పెట్టండి. పాత గింజలు ఒక్కసారిగా ఆపకండి, మెల్లగా తగ్గించండి. ఉప్పు తిండి, టీ, చాక్లెట్, ఉల్లిపాయ పెట్టవద్దు. పంజరం వంటింట్లో వద్దు. పొయ్యి పొగ మంచిది కాదు. అంటుకోని పెనం మాడితే వచ్చే ఆవిరి నిమిషాల్లో పక్షిని చంపుతుంది.

ముక్కు ఇప్పటికే పెరిగి ఉంటే ఇవి చాలవు. పశువైద్యుడి దగ్గరకు పోవాలి. ముందు మీ ఊరి పశువుల ఆసుపత్రిలో అడగండి. అక్కడ పక్షుల పని రాకపోతే ఎక్కడికి పోవాలో చెబుతారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. వాటికి ఆసుపత్రులు ఉన్నాయి. "పది రూపాయల పక్షికి ఇంత దూరమా?" అని నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వనివ్వండి. రోజూ దానితో మాట్లాడే బిడ్డకు అది పది రూపాయల పక్షి కాదు.

డాక్టరు ఏం చేస్తారు? మొదట పక్షిని ముట్టుకోకుండా చూస్తారు. తరవాత మెత్తని గుడ్డలో చుట్టి, తల వెనక నుంచి పట్టుకుంటారు. రొమ్ము నొక్కరు. సన్నని ఆకురాయితోగానీ, చిన్న మిషనుతోగానీ కొంచెం కొంచెం అరగదీస్తారు. బాగా పెరిగి ఉంటే ఒకేసారి తియ్యరు. రెండు మూడు వారాలకు మళ్లీ రమ్మంటారు. కాలేయం మీద అనుమానం ఉంటే రక్తం పరీక్ష చేస్తారు. మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "డాక్టరు గారూ, ముక్కు ఎందుకు పెరిగింది?" అరగదీసి పంపిస్తే సగం పనే అయినట్టు.

ఆసుపత్రికి పోయేదాకా పక్షి పస్తు ఉండకూడదు. కొర్ర బియ్యం నూక నానబెట్టి పెట్టండి. మెత్తగా ఉడికిన అన్నం, ఉడికించి మెదిపిన క్యారెట్ పెట్టండి. తడి తిండి రెండు గంటలకు మించి ఉంచవద్దు, పులుస్తుంది. నోరు తెరిచి పాలు, నీళ్లు పోయవద్దు. ఊపిరి గొట్టంలోకి పోతాయి. పంజరం మూడు వైపులా గుడ్డ కప్పండి. ఫ్యాను కింద పెట్టవద్దు.

ఒకవేళ ముక్కు దానంతట అదే విరిగి రక్తం కారితే కంగారు పడకండి. శుభ్రమైన గుడ్డ మీద మొక్కజొన్న పిండిగానీ, మైదాగానీ అద్ది కొన మీద మెల్లగా అదిమి పట్టండి. పిండి ముక్కు రంధ్రాల్లో పడకూడదు. రెండు నిమిషాలు పట్టి ఉంచండి. మాటిమాటికీ తీసి చూడవద్దు. రక్తం ఆగినా, ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.

ఆ ఇల్లాలు ముసలమ్మ మాట విన్నది. తెల్లారి బస్సెక్కి ఆసుపత్రికి పోయింది. డాక్టరు అరగదీశారు. గజ్జి లేదన్నారు. "ఏం పెడుతున్నావమ్మా?" అని అడిగారు. "పొద్దుతిరుగుడు గింజలు సారూ. దానికి ఇష్టమని అవే" అన్నది. కాలేయం మాట అప్పుడు తెలిసింది. తిండి మార్చుకోవడానికి ఆ పక్షికి రెండు నెలలు పట్టింది. మొదటి పది రోజులు మునగాకును ముక్కుతో లాగి కింద పారేసింది.

మీరు కూడా పోయేటప్పుడు పంజరం కింద పరిచిన కాగితం పారెయ్యకండి. రెట్ట రంగు చూసి డాక్టరుకు చాలా సంగతులు తెలుస్తాయి. రెట్ట ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. చిలకల నుంచి మనుషులకు వచ్చే జ్వరం ఒకటి ఉంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉంటే మీ డాక్టరుకు పక్షి సంగతి కూడా చెప్పండి.

ఒక చీటీ రాసి పట్టుకుపోండి. బస్సులో కుదుపులకు, ఆసుపత్రిలో తొందరకు సగం మాటలు మరిచిపోతాం. ఆ ఇల్లాలు రాసిన చీటీ ఇట్లా ఉంది:

"పక్షి వయసు 3 ఏళ్లు. ముక్కు పెరిగి 2 నెలలు. 4 రోజుల నుంచి గింజ ఒలవడం లేదు. నూక తింటోంది. బంగారం కొట్లో తూచాం, 28 గ్రాములు. రెట్ట పచ్చగా ఉంది. ఇంకో పక్షి బాగుంది."